సొంత జిల్లాలో నర్సింగ్ చదువు

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. ఇంటర్‌లో బైపీసీ చదివి, నీట్‌లో మంచి ర్యాంకు రాక ఎంబీబీఎస్ అందనివాళ్లకు రెండో దారిగా చాలామంది దీన్ని చూస్తారు. ఆ చూపు సరికాదు. ఇది వేరే చదువు, వేరే వృత్తి. ప్రవేశ పరీక్ష వేరు, నియంత్రించే మండలి వేరు. తెలంగాణలో ఈ సీట్లు భర్తీ చేసేదీ, పరీక్షలు పెట్టి పట్టా ఇచ్చేదీ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. ఏ సెమిస్టర్‌లో ఏం చెప్పాలో, ఎన్ని గంటలు వార్డులో ఉండాలో నిర్ణయించింది భారత నర్సింగ్ మండలి. పట్టా చేతికొచ్చాక పేరు నమోదు చేసుకోవాల్సింది రాష్ట్ర నర్సింగ్ మండలిలో. ఈ మూడింటి పనీ వేరువేరని ముందే తెలిస్తే చదువు పొడుగునా అయోమయం ఉండదు.

పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా 2016 అక్టోబరు 11న విడిపోయి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. గద్వాలకు 2024లో అనుమతి వచ్చింది. ఈ మూడు పట్టణాల్లోనూ ప్రభుత్వ నర్సింగ్ కళాశాలలు ఉన్నాయి. వైద్య కళాశాలకూ నర్సింగ్ చదువుకూ ఉన్న ముడి మంచాల లెక్కలో ఉంది. ఒక్కో నర్సింగ్ విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలని మండలి నియమం. పేరుకు కాలేజీ పెట్టి, పక్కన రోగులున్న ఆసుపత్రి లేకపోతే ఆ చదువు గోడ మీది బొమ్మలతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. జిల్లా ఆసుపత్రులు బోధనాసుపత్రులుగా మారడం వల్ల నర్సింగ్ విద్యార్థినులకు చేతినిండా పని దొరికే అవకాశం వచ్చింది. ఇది ఈ ప్రాంతానికి చాలా ఆలస్యంగా అందిన మేలు.

దేశంలో నర్సింగ్ డిగ్రీ చదువు 1946లో ఢిల్లీలో, వేలూరులో మొదలైంది. పాలమూరు వైపు చూస్తే, 20వ శతాబ్దంలో మెనోనైట్ బ్రెదరెన్ మిషన్ నాగర్‌కర్నూల్, వనపర్తిలో కేంద్రాలు పెట్టుకుని పనిచేసింది. జడ్చర్లలో ఆసుపత్రి నడిపింది. సాంకేతిక చదువులకు వనపర్తి సంస్థానం రాజభవనంలో 1959లోనే పాలిటెక్నిక్ వచ్చింది. నర్సింగ్ డిగ్రీ కావాలంటే మాత్రం చాలామంది పిల్లలు హైదరాబాదు బస్సు ఎక్కాల్సి వచ్చేది. అంత దూరం ఆడపిల్లను పంపడానికి జంకిన ఇళ్లు లెక్కలేనన్ని. హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రుల్లో మలయాళీ సిస్టర్లు అంతమంది కనిపించడానికి ఒక కారణం కేరళలో ఈ చదువు పల్లె దాకా పోవడమైతే, రెండో కారణం మన జిల్లాల్లో పోకపోవడం.

గద్వాల వైపు, కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో సొంత జిల్లా కాలేజీ అవసరం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ పండే పంటల్లో సీడు పత్తి ముఖ్యమైనది. హైబ్రిడ్ విత్తనం కోసం సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి ఉన్న భాగాన్ని గిల్లేసి, మర్నాడు పొద్దున మగ మొక్క పువ్వు తెచ్చి అద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్లతో త్వరగా అయ్యే పని అని ఏళ్ల తరబడి బడి ఈడు ఆడపిల్లలను ఈ చేలకు తోలారు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా క్రాసింగ్ జోరుగా సాగే రోజులు. చాలా ఏళ్లలో నర్సింగ్ కౌన్సెలింగ్ జరిగేదీ దాదాపు ఈ రోజుల్లోనే. ఇంట్లో కూలి లెక్కకూ బిడ్డ చదువుకూ పోటీ వచ్చే నెలలవి. కాలేజీ సొంత జిల్లాలోనే ఉందంటే ఆ పోటీలో చదువు పక్షం కొంత గట్టిపడుతుంది.

సీటుకు పోటీ

2022 వరకు తెలంగాణలో బీఎస్సీ నర్సింగ్ సీట్లు ఇంటర్ మార్కుల మీద ఇచ్చేవారు. 2023 నుంచి ఎంసెట్ ర్యాంకు లెక్కలోకి వచ్చింది. ఆ పరీక్ష పేరు 2024లో టీజీ ఈఏపీసెట్ అయింది. నర్సింగ్ రాయదలచినవాళ్లు ఇందులో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం ఎంచుకోవాలి. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40, భౌతికశాస్త్రం 40, రసాయనశాస్త్రం 40. ఒక్కో ప్రశ్నకు ఒక మార్కు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ, ఉర్దూలోనూ కనిపిస్తాయి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇది పెద్ద ఊరట. అర్హతకు 25 శాతం మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నియమం లేదు. ఇంటర్ మార్కులకు ఉన్న 25 శాతం వెయిటేజీని కూడా 2023లోనే ఎత్తేశారు. అయితే ఇంటర్ మార్కులు అక్కర్లేదని అర్థం చేసుకోకూడదు. సీటుకు అర్హత ఉండాలంటే ఇంటర్ సైన్సు సబ్జెక్టుల్లో జనరల్ అభ్యర్థులకు 45, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉండాలి. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి.

ఇదే ర్యాంకుతో వ్యవసాయం, ఉద్యానం, పశువైద్యం, ఫార్మసీ సీట్లూ నిండుతాయి. ముందు వరుసలో ఉన్నవాళ్లు నీట్‌లోనూ మంచి ర్యాంకు తెచ్చుకుని ఎంబీబీఎస్, బీడీఎస్ వైపు పోతారు. ఇంకొందరు వ్యవసాయ డిగ్రీకి పోతారు. అందుకే ఈఏపీసెట్ ర్యాంకు చూసి మొదటి రోజే గుండె జారిపోవాల్సిన పని లేదు. నర్సింగ్ కోసమే గట్టిగా నిలబడేవాళ్లలో మన స్థానం ఎంత అన్నది విశ్వవిద్యాలయం విడుదల చేసే మెరిట్ జాబితాలోనే తెలుస్తుంది. ప్రభుత్వ కాలేజీ సీట్లన్నీ, ప్రైవేటు కాలేజీల్లో 60 శాతం సీట్లూ కన్వీనర్ కోటా కింద ఈ జాబితా ప్రకారం పోతాయి. మిగతా 40 శాతం మేనేజ్‌మెంట్ కోటా. దాని ఫీజు వేరు.

ప్రిపరేషన్ సంగతికొస్తే, సగం మార్కులు జీవశాస్త్రానివే. ఇంటర్ రెండేళ్ల తెలుగు అకాడమీ పుస్తకాలను వాక్యం వదలకుండా చదివిన పిల్ల ఆ 80 ప్రశ్నల్లో ఎక్కువ వాటికి జవాబు పెట్టగలదు. గురుకుల కాలేజీల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో చదివే అమ్మాయిలు వెనకబడేది ఎక్కువగా ఫిజిక్స్‌లో. అక్కడ 40కి 15 తెచ్చుకున్నా జీవశాస్త్రం ఆదుకుంటుంది. లక్షలు పోసి హైదరాబాదులో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరాల్సినంత పరీక్ష కాదిది. నీట్ కోసం ఆ ఖర్చు పెట్టేవాళ్ల లెక్క వేరు. నర్సింగే లక్ష్యమైతే పాత ప్రశ్నపత్రాలు, టైం పెట్టుకుని కంప్యూటర్ మీద రాసే మాక్ టెస్టులు చాలు. కంప్యూటర్ ముందు ఎప్పుడూ కూర్చోని పిల్లకు మౌస్ అలవాటు కావడానికే అరగంట పోతుంది. ఆ అరగంట అసలు పరీక్షలో పోకూడదు.

కాగితాల దగ్గర జాగ్రత్త

ఈ మూడు జిల్లాల పిల్లలకు, ముఖ్యంగా అలంపూర్, గద్వాల వైపు వాళ్లకు, పరీక్షను మించిన చిక్కు స్థానికత. అలంపూర్ నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు. గద్వాల నుంచి పడమటికి పోతే రాయచూరు. దగ్గరని, చుట్టాలున్నారని, కాలేజీ బాగుందని పిల్లలను కర్నూలులో ఇంటర్‌కు చేర్పించే ఇళ్లు చాలా ఉన్నాయి. స్థానికుడు అనే లెక్కకు ఇల్లు ఎక్కడ ఉందన్నది కాదు, చదువు ఎక్కడ సాగిందన్నది ముఖ్యం. అర్హత పరీక్ష రాసే దాకా వరుసగా ఎన్నేళ్లు తెలంగాణలో చదివారో స్టడీ సర్టిఫికెట్లు చూపించాలి. ఇంటర్ రెండేళ్లు నది అవతల చదివితే ఆ వరుస తెగుతుంది. రాష్ట్ర విభజన జరిగి పదేళ్లు దాటాక ఈ నిబంధనల్లో మార్పులు వచ్చాయి. కాబట్టి అన్న చదివిన ఏడాది నియమం తమ్ముడికి, అక్క నాటి నియమం చెల్లెలికి వర్తిస్తుందని అనుకోరాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్, ప్రాస్పెక్టస్ చదవాలి. అబ్బాయిలకు ఏయే కాలేజీల్లో అవకాశం ఉందన్నదీ అందులోనే చూసుకోవాలి.

రిజర్వేషన్లలో బీసీలకు 29 శాతం, ఎస్సీలకు 15, ఎస్టీలకు 10, ఆర్థికంగా వెనకబడిన అగ్రవర్ణాల వారికి 10 శాతం ఉన్నాయి. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల కోటా మూడు గ్రూపులుగా విడిపోయింది. కాబట్టి కుల ధ్రువీకరణ పత్రం ఆ వర్గీకరణకు తగ్గట్టు ఉందో లేదో చూసుకోవాలి. ఆదాయ ధ్రువీకరణ పత్రం పాతది పనికిరాదు. మీసేవలో దరఖాస్తు పెట్టిన రోజే చేతికి వస్తుందనే నమ్మకం పెట్టుకోకూడదు. తహసీల్దారు కార్యాలయంలో సంతకం అయ్యేసరికి రోజులు గడుస్తాయి. పదో తరగతి మెమోలో ఉన్న పేరూ ఆధార్‌లో ఉన్న పేరూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందూ ఇంకోదాంట్లో వెనకా ఉన్న పిల్లలు సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది పడతారు. ఈ పని ఇంటర్ మొదటి ఏడాదిలోనే సరిచేసుకుంటే సుఖం.

కౌన్సెలింగ్ ఆన్‌లైన్‌లో జరుగుతుంది. విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుని, ఫీజు కట్టి, సర్టిఫికెట్లు స్కాన్ చేసి పెట్టాలి. మెరిట్ జాబితా వచ్చాక వెబ్ ఆప్షన్లు ఇవ్వాలి. అంటే ఏ కాలేజీ కావాలో వరుసగా రాయడం. ఈ వరుసలోనే చాలామంది పొరపాటు పడతారు. సొంత ఊళ్లో ప్రభుత్వ కాలేజీ పేరు ఒక్కటే పెట్టి ఊరుకుంటారు. అక్కడ సీటు రాకపోతే ఆ విడతలో ఏమీ రాదు. గద్వాల పిల్ల గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ ఈ వరుసలో పెట్టుకుని, ఆ తర్వాత రాష్ట్రంలోని మిగతా ప్రభుత్వ కాలేజీలన్నీ పెట్టుకుని, చివర ప్రైవేటు కాలేజీల్లో మంచి ఆసుపత్రి ఉన్నవాటిని చేరిస్తే సీటు చేజారే ప్రమాదం తగ్గుతుంది. మనకంటే మంచి ర్యాంకు ఉన్నవాళ్లు కోరకపోతేనే సీటు మన దాకా వస్తుంది. ఆప్షన్లు ఎక్కువ పెట్టినందువల్ల పై వరుసలోని కాలేజీకి అవకాశం ఏమాత్రం తగ్గదు. నెట్ సెంటర్ అబ్బాయి చేతికి పాస్‌వర్డ్ ఇచ్చి వచ్చేయడం మాత్రం ఎప్పటికీ చేయకూడని పని. పక్కన కూర్చుని, వరుస సరిచూసుకుని, ప్రింటు తెచ్చుకోవాలి.

పరీక్షకూ సీటుకూ మధ్య నెలల వ్యవధి ఉంటుంది. ఆ మధ్యలో ఖాళీగా ఎందుకని పిల్లను ఏదో డిగ్రీ కాలేజీలో చేర్పిస్తారు. టీసీ, ఒరిజినల్ మెమోలు అక్కడ ఇచ్చేస్తారు. నర్సింగ్ సీటు వచ్చిన వారంలో వాటిని తిరిగి తెచ్చుకోవడానికి తండ్రి పనులు మానుకుని తిరగాల్సి వస్తుంది. డిగ్రీలో చేరేముందే ఈ సంగతి ప్రిన్సిపాల్‌తో మాట్లాడి పెట్టుకోవడం మంచిది.

నాలుగేళ్లలో ఏముంది

భారత నర్సింగ్ మండలి 2021లో ప్రకటించిన కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం ఈ కోర్సు ఎనిమిది సెమిస్టర్లు. ఒక్కో సెమిస్టర్ 20 వారాలు, వారానికి 40 గంటలు. క్లాసులో చెప్పే పాఠం 20 గంటలైతే ఒక క్రెడిట్, స్కిల్ ల్యాబ్‌లో సాధన 40 గంటలైతే ఒక క్రెడిట్, వార్డు డ్యూటీ 80 గంటలైతే ఒక క్రెడిట్. మొదటి సెమిస్టర్‌లో శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం, సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఇంగ్లీషు, వీటితో పాటు నర్సింగ్ ఫౌండేషన్ ఉంటాయి. రెండో సెమిస్టర్‌లో జీవరసాయనం, పోషకాహారం, ఆరోగ్య సమాచార సాంకేతికత. రెండో ఏడాది సూక్ష్మజీవులు, మందులు, వ్యాధి నిర్మాణం, పెద్దల రోగాలకు సేవ. మూడో ఏడాది పిల్లల వార్డు, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం, చివర ప్రసూతి. నాలుగో ఏడాది ప్రసూతి మిగతా భాగం, పరిశోధన, గణాంకాలు. ఎనిమిదో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్పే. 22 వారాలు, వారానికి 48 గంటలు వార్డులోనే.

మొదటి సెమిస్టర్‌లో పిల్లలు తడబడేది ఇంగ్లీషు దగ్గర. ఇంటర్ దాకా కణం, ధమని, సిర, మూత్రపిండం అని చదివిన పిల్లకు ఒక్క వారంలో అవన్నీ సెల్, ఆర్టరీ, వెయిన్, కిడ్నీ అవుతాయి. పుస్తకం ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు, కేస్ షీటు ఇంగ్లీషు. ఇక్కడే బాగా చదివే పిల్లలు కూడా తమ వల్ల కాదని ఏడుస్తారు. ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు, అలవాటుకు సంబంధించినది. పరీక్ష రాశాక క్లాసులు మొదలయ్యే లోపు దొరికే నెలల్లో అనాటమీ పదాలు రోజుకు ఇరవై రాసి పలికితే మొదటి సెమిస్టర్ భయం సగం పోతుంది. వార్డులో మాత్రం ఇదే తెలుగు మాధ్యమం పిల్లకు వేరెవరికీ లేని బలం ఉంటుంది. ఊరి ముసలమ్మ వచ్చి పానం బాగలేదు, కండ్లు తిరుగుతున్నయి, కాళ్లు గుంజుతున్నయి అంటే ఏ నొప్పి ఎక్కడో ఆమెకు వెంటనే తెలుస్తుంది. పెద్దమ్మా అని పిలిచి, ఎప్పట్నుంచి, తిన్నాకనా తినకముందా అని అడిగి డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పగలిగిన నర్సు ఆ వార్డుకు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

నర్సింగ్ ఫౌండేషన్‌లో నేర్పే పనులు బయటివాళ్లకు చిన్నవిగా తోస్తాయి. చేతులు కడగడం, పక్క సర్దడం, జ్వరం చూడడం. దగ్గరగా చూస్తే ఒక్కోదాని వెనకా శాస్త్రం ఉంది. శ్వాస లెక్కపెట్టడమే తీసుకుందాం. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. లెక్కపెడుతున్నామని రోగికి తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని నర్సు ముందు మణికట్టు పట్టుకుని నాడి చూస్తుంది. అది అయిపోయాక కూడా చేయి వదలదు. నాడే చూస్తున్నట్టు ఉండి, కళ్లు ఛాతీ మీద పెట్టి, నిండు నిమిషం ఊపిరి లెక్కిస్తుంది. న్యుమోనియా, గుండె నీరసం వంటివి ముదురుతున్న సంగతి చాలాసార్లు ముందుగా బయటపడేది ఈ అంకెలోనే. హడావుడిగా అందరికీ 20 అని రాసేసే అలవాటు ఏ వార్డులోనైనా ఉంటే అది రోగికి ద్రోహమే. మొదటి ఏడాదిలో ఆ అలవాటు పడనివ్వని టీచరు దొరికిన బ్యాచ్ అదృష్టవంతమైనది.

మందు ఇచ్చేముందు రోగి సరైనవాడేనా, మందు సరైనదేనా, మోతాదు, ఇచ్చే మార్గం, వేళ, ఈ అయిదూ చూసుకోవడం రెండో సెమిస్టర్ కల్లా నోటికి రావాలి. సూది ముందు బొమ్మ మీద, ఆ తర్వాతే మనిషి మీద. పది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలని మండలి నియమం పెట్టింది ఇందుకే. కొత్త కాలేజీల్లో బోధన పోస్టులు ఖాళీగా ఉంటే ముందుగా దెబ్బతినేది ఈ చేతిపనే. పాఠం పుస్తకం చూసైనా నేర్చుకోవచ్చు, నరం దొరకబుచ్చుకోవడం పక్కన నిలబడి చూపించేవాళ్లు లేకుండా రాదు.

ఈ మూడు జిల్లాల ఆసుపత్రులు నేర్పే పాఠాలు కొన్ని నగరంలో అంత తేలిగ్గా దొరకవు. నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ వైపు నల్లమల అడవి, మన్ననూర్ చుట్టూ చెంచుపెంటలు. వానాకాలంలో చేను పనులు మొదలైతే పాముకాట్లు వస్తాయి. కాటేసింది ఏ పామో తెలియనప్పుడు మంచం పక్కనే చేసే పరీక్ష ఒకటి ఉంది. రోగి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచాలి. తర్వాత గొట్టం వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా జారితే రక్తపింజర వంటి పాము విషం రక్తంలోకి ఎక్కిందని అర్థం. గొట్టం ప్లాస్టిక్‌దైనా, సబ్బు అంటి ఉన్నా ఫలితం తప్పుతుంది. విరుగుడు మందు ఎక్కించేటప్పుడు ఒళ్లు దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం రావచ్చు కాబట్టి అడ్రినలిన్ సిరంజి సిద్ధంగా పెట్టుకుని పక్కనే ఉండాలి. నాటువైద్యం కోసం తిరిగి గంటలు పోగొట్టుకుని వచ్చిన కుటుంబానికి తిట్లు పెట్టకుండా ధైర్యం చెప్పడమూ ఈ చదువులో భాగమే.

ప్రసూతి పాఠాలకు ఇంకా పెద్ద ప్రాముఖ్యం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇంత ఎక్కువ శాతం మరే రాష్ట్రంలోనూ లేదు. సాధారణ కాన్పును ఓపికగా నడిపించగల మంత్రసాని నర్సులు లేకపోవడం దీనికి ఒక కారణమని గుర్తించి రాష్ట్రం 2017లో హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థతో కలిసి కరీంనగర్‌లో ప్రభుత్వ నర్సులకు ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. బీఎస్సీ విద్యార్థిని చదివే ప్రసూతి పాఠం ఆ శిక్షణకు పునాది. నొప్పులతో ఉన్న తల్లి పక్కన రాత్రంతా నిలబడి, బిడ్డ గుండె చప్పుడు వింటూ, కాన్పు ఎలా సాగుతోందో చూపే పార్టోగ్రాఫ్ మీద గీతలు గీస్తూ గడిపిన డ్యూటీ ఈ అమ్మాయిలకు జీవితాంతం గుర్తుంటుంది.

థియరీ, ప్రాక్టికల్ రెంటిలోనూ 50 శాతం వస్తేనే పాస్. ఇంగ్లీషుకు 40 చాలు. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి. పట్టా రావాలంటే ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు పూర్తిచేయాలి. పెళ్లికో జాతరకో వారం సెలవు పెట్టినా ఆ డ్యూటీ గంటలు తర్వాత చేసి తీరాల్సిందే. కోర్సు ముగించడానికి గరిష్ఠంగా ఎనిమిదేళ్ల గడువు ఉంది.

ఖర్చు విషయంలో ప్రభుత్వ కాలేజీకి సాటి లేదు. ఫీజు తక్కువ, పైగా నెలనెలా స్టైపెండు. మొదటి ఏడాది విద్యార్థినులకు 1,500 రూపాయలుగా ఉన్న స్టైపెండును 2021లో ప్రభుత్వం 5,000కు పెంచింది. ఏడాది పెరిగేకొద్దీ ఆ మొత్తమూ పెరుగుతుంది. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చిన అర్హులకు ఈపాస్ ద్వారా స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నాయి. బీసీలకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షల వార్షికాదాయ పరిమితి ఉంది. ఆ డబ్బు ఆలస్యమైనప్పుడు కాలేజీ యాజమాన్యం సర్టిఫికెట్లు ఆపడం విద్యార్థుల పాత బాధ. అది ముందే లెక్కలో పెట్టుకోవాలి.

పట్టా తర్వాత

పట్టా ఒక్కటే ఉంటే నర్సు కాదు. రాష్ట్ర మండలిలో నర్సుగా, మంత్రసానిగా రిజిస్టరు అయితేనే సూది పట్టే అధికారం. దేశస్థాయిలో పాత మండలి స్థానంలో కొత్త సంఘం ఏర్పాటు చేయడానికి 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. రాబోయే బ్యాచ్‌లు దాని నిబంధనలు గమనించుకుంటూ ఉండాలి.

ప్రభుత్వ ఉద్యోగానికి వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు పరీక్ష రాయాలి. 2024 జనవరి 31న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో ఒకేసారి 6,956 మంది నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. వేతన స్కేలు 36,750తో మొదలవుతుంది. 100 మార్కుల్లో 80 రాత పరీక్షకు, 20 కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసిన సేవకు. అందుకే పట్టా రాగానే ప్రైవేటు ఆసుపత్రిలో తక్కువ జీతానికి కుదురుకోవడం కంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు పని దొరికితే వదులుకోకపోవడం తెలివైన పని. ఎయిమ్స్ సంస్థలు నార్సెట్ పేరుతో జాతీయ పరీక్ష పెడతాయి. అందులో 80 శాతం పోస్టులు మహిళలకే. పల్లె దవాఖానాల్లోనూ బీఎస్సీ నర్సులకు చోటు ఉంది. విదేశాలకు పోదలచినవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ వంటి దేశాల భాషలు నేర్పించి పంపుతోంది. అమెరికాకు ఎన్‌క్లెక్స్, ఇంగ్లండుకు ఇంగ్లీషు పరీక్ష కావాలి. ఊళ్లో తిరిగే ఏజెంట్ చేతికి పాస్‌పోర్టూ లక్షలూ ఇచ్చేముందు టామ్‌కామ్ కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవడం క్షేమం.

చదువు మధ్యలో ఆగిపోయే పిల్లల్లో ఎక్కువమంది పాఠం రాక ఆగరు. రెండో ఏడాదిలో సంబంధం కుదురుతుంది, లేదా నైట్ డ్యూటీ అంటే ఇంట్లో వద్దంటారు. తల్లిదండ్రులు పెళ్లికి నాలుగేళ్లు ఆగాలి, నైట్ డ్యూటీకి అడ్డు చెప్పకూడదు. నైట్ డ్యూటీకి పోయే పిల్లకు హాస్టల్ నుంచి వార్డు దాకా వెలుతురున్న దారి, తోడు, తిరిగి దింపే వాహనం ఉండేలా కాలేజీ, ఆసుపత్రి చూడాలి. ప్రభుత్వం కూడా ఈ కాలేజీల్లో అధ్యాపక పోస్టులు ఖాళీ లేకుండా నింపి, నర్సింగ్ ఆఫీసర్ల నియామకాలు ఏడాదికోసారి క్రమం తప్పకుండా జరపాలి.